తలకోన పోదాం, క్షేమంగా తిరిగొద్దాం

కదిరి దగ్గర ఒక పల్లె ఉందనుకోండి. కదిరి 2022 ఏప్రిల్ దాకా అనంతపురం జిల్లాలో ఉండేది. ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. జిల్లా పేరు మారింది. కరువు మాత్రం మారలేదు.

ఆ పల్లెలో పన్నెండు మంది ఆడవాళ్ల పొదుపు సంఘం ఉంది. అందరూ రాత్రి బడిలో చదువు నేర్చుకున్నారు. సంతకం చేస్తారు. బోర్డు చదువుతారు. లెక్క వేస్తారు.

ఒక రోజు సంఘం మీటింగు అయిపోయింది. అందరూ లేవబోతున్నారు. అప్పుడు అందరికంటే పెద్దదైన అవ్వ ఒక మాట అన్నది.

"అరవై ఏండ్లు బతికినా. నీళ్లు చేదినా, మోసినా, దాపెట్టినా. యాడనో కొండ మీదినుంచి నీళ్లు వాటంతట అవే దూకుతాయంట. ఒక్కసారి కండ్లారా చూడాల."

అందరూ నవ్వారు. తర్వాత ఎవరూ నవ్వలేదు. ఆ కోరిక అందరిలోనూ ఉంది.

"పోదాం అవ్వా!" అన్నది సంఘం లీడరు. "కానీ ఊరికే పోకూడదు. ముందు ప్లాను వేసుకుందాం."

ఎక్కడికి పోవాలి?

అనంతపురం సీమలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడుతుంది. నైరుతి మబ్బులను పడమటి కనుమలు అడ్డుకుంటాయి. ఈశాన్య మబ్బులు తూర్పు తీరం దగ్గరే చాలావరకు కురిసిపోతాయి. రెండింటికీ దూరంగా మన సీమ ఉంది. అందుకే మన వంకలు ఎక్కువ రోజులు ఎండి ఉంటాయి.

అయినా మన దగ్గర జలపాతం లేకపోలేదు. తలుపుల మండలంలో బట్రేపల్లి దగ్గర ఒక జలపాతం ఉంది. వానలు బాగా పడితే అక్కడ నీళ్లు దూకుతాయి. వానలు లేకపోతే రాళ్లే మిగులుతాయి.

దూరం పోగలిగితే తలకోన ఉంది. అది తిరుపతి జిల్లా ఎర్రావారిపాళెం మండలంలో, శేషాచలం అడవుల్లో ఉంది. దగ్గరి ఊరు నెరబైలు. శేషాచలం కొండలకు తల లాంటిది కాబట్టి తలకోన అనే పేరు వచ్చిందని చెబుతారు. అక్కడ నీళ్లు 270 అడుగుల ఎత్తు నుంచి పడతాయి. నాలుగు కొబ్బరి చెట్లు ఒకదాని మీద ఒకటి నిలబెడితే దాదాపు అంత ఎత్తు. ఆంధ్రప్రదేశ్‌లో పెద్ద జలపాతంగా దానికి పేరు. పక్కనే సిద్ధేశ్వర స్వామి గుడి ఉంది.

"తలకోనకే పోదాం" అన్నారు అందరూ.

ఎప్పుడు పోవాలి?

ఎండాకాలంలో పోతే నీళ్లు తక్కువ. పెద్ద వానల్లో పోతే ప్రమాదం. వానలు మరీ ఎక్కువగా ఉంటే అటవీశాఖ వాళ్లు దారి మూసేస్తారు. ఈశాన్య ఋతుపవనాల వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి. ఆ వానలు తగ్గుముఖం పట్టాక పోతే మంచిది.

ఇంకో సంగతి కూడా ఉంది. చెనక్కాయ పెరికే పని, ఒలిచే పని అయిపోవాలి. లేకపోతే కూలి పోతుంది. అందుకని డిసెంబరు నెల అనుకున్నారు. అప్పటికి పదహారు వారాల టైము ఉంది.

ఎట్లా పోవాలి? ఎంత అవుతుంది?

2025 ఆగస్టు 15 నుంచి రాష్ట్రంలో స్త్రీ శక్తి పథకం మొదలైంది. దాని కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్టు డబ్బు లేదు. ఆధార్ వంటి గుర్తింపు కార్డు చూపించాలి. అన్ని బస్సులకూ ఈ పథకం లేదు. ఎక్కేముందు కండక్టరును అడగాలి.

కదిరి నుంచి మదనపల్లె, మదనపల్లె నుంచి పీలేరు దాకా బస్సు. పీలేరు నుంచి తలకోనకు వ్యాను. రాత్రి తలకోనలోనే గదుల్లో ఉండాలి. పొద్దున్నే కొండ ఎక్కాలి. మధ్యాహ్నానికి దిగి తిరుగు దారి పట్టాలి. ఇదీ ప్లాను.

ఖర్చు లెక్క కాగితం మీద ఇట్లా వేశారు. ఇవి లెక్క నేర్చుకోవడానికి అనుకున్న ధరలు. మీరు పోయేటప్పుడు ఫోను చేసి అసలు ధరలు అడగండి.

వ్యాను, పోను రాను – 3,000 రూపాయలు
గదులు – 2,400 రూపాయలు
తిండి – 1,800 రూపాయలు
ప్రవేశ టికెట్లు, గైడు – 1,200 రూపాయలు
మందులు, కట్టుగుడ్డలు – 300 రూపాయలు
అవసరానికి చేతిలో – 900 రూపాయలు
మొత్తం – 9,600 రూపాయలు

పన్నెండు మందికి పంచితే మనిషికి 800 రూపాయలు. పదహారు వారాలు ఉన్నాయి. వారానికి 50 రూపాయలు దాచుకుంటే చాలు.

"సంఘం పొదుపులోంచి తీస్తే సరిపోదా?" అని ఒకామె అడిగింది.

"కూడదు" అన్నది లీడరు. "అది అప్పులకూ ఆపదకూ దాచిన డబ్బు. యాత్రకు వేరే డబ్బా పెడదాం. వేరే పుస్తకం రాద్దాం."

ఇంట్లో వాళ్ల మాట

ఊళ్లో మాటలు మొదలైనాయి. "ఆడోళ్లు మాత్రమే కొండకు పోతారా? ఏమన్నా అయితే ఎవరు దిక్కు?" అని మగవాళ్లు అన్నారు.

ఆడవాళ్లు వాదానికి దిగలేదు. ఒక కాగితం రాశారు. పన్నెండు మంది పేర్లు, ఫోను నంబర్లు రాశారు. ఏ బస్సు, ఏ వ్యాను, ఎక్కడ నిద్ర, ఎప్పుడు తిరిగి వచ్చేది, అన్నీ రాశారు. ఎవరికి ఏ జబ్బు ఉంది, ఏ మాత్ర వేసుకుంటారో కూడా రాశారు. ప్రతి ఇంటికీ ఒక నకలు ఇచ్చారు. అడవిలో ఫోను సిగ్నలు సరిగా అందదు. కాబట్టి కొండ ఎక్కేముందు ఒకసారి, దిగినాక ఒకసారి ఫోను చేస్తామని చెప్పారు.

కాగితం చూశాక సగం మాటలు తగ్గిపోయినాయి.

సర్దుకోవలసినవి

చిన్న కోడలు చక్కగా రాస్తుంది. ఆమె ఈ జాబితా రాసింది.

1. మనిషికి రెండు లీటర్ల నీళ్లు.
2. జొన్న రొట్టెలు, చెనక్కాయ పొడి, బెల్లం ఉండలు.
3. పట్టీ ఉన్న చెప్పులు. హవాయి చెప్పులు తడి రాళ్ల మీద జారుతాయి.
4. నడవడానికి వీలైన బట్టలు. చీర అయితే కుచ్చిళ్లు పైకి దోపుకోవాలి.
5. మార్చుకోవడానికి ఒక జత బట్టలు, ఒక తువ్వాలు.
6. బీపీ, షుగరు మాత్రలు. నెలసరి గుడ్డలు లేదా ప్యాడ్లు.
7. టార్చి లైటు, విజిలు, ఆధార్ కార్డు.
8. చెత్త తిరిగి తెచ్చుకోవడానికి ఒక ఖాళీ సంచి.

మోకాళ్ల నొప్పులు ఉన్నవాళ్లు, గర్భిణులు, గుండె జబ్బు ఉన్నవాళ్లు ముందే డాక్టరును అడగాలి. కొండ ఎక్కలేకపోతే గుడి దగ్గర కూర్చోవచ్చు. అందులో సిగ్గు పడాల్సిన పని లేదు. వాళ్లకు తోడుగా ఒకరు ఉండాలి.

గైడు ఎందుకు?

"దారి ఉంటుంది కదా! గైడుకు డబ్బు దండగ" అన్నది చిన్న కోడలు.

లీడరు రెండు సంగతులు చెప్పింది.

శేషాచలం అడవుల్లో ఏనుగులు తిరుగుతాయి. 2025 ఫిబ్రవరిలో శివరాత్రికి కొందరు భక్తులు రైల్వే కోడూరు వైపు ఉన్న గుండాలకోనకు రాత్రి పూట అడవిలో నడిచి పోతున్నారు. ఏనుగులు మీద పడ్డాయి. ముగ్గురు చనిపోయారు.

2023లో ఒక యువకుడు తలకోనలో మడుగులోకి దూకాడు. నీళ్ల అడుగున రాళ్లు ఉన్నాయి. పైకి కనిపించవు. ఆ యువకుడు మళ్లీ ప్రాణంతో పైకి రాలేదు.

"ఏనుగు ఏ పక్క ఉందో మనకు తెలీదు. రాయి ఎంత లోతున ఉందో తెలీదు. ఆ ఊళ్లో పుట్టినవానికి తెలుస్తుంది" అన్నది లీడరు.

గైడును దారిలో ఎవరో ఒకరిని పిలుచుకోకూడదు. అటవీశాఖ టికెట్టు ఇచ్చే చోటే అడగాలి. ఎంత డబ్బు, ఎంత దూరం, ఎన్ని గంటలు అని ముందే మాట్లాడుకోవాలి. రశీదు తీసుకోవాలి.

తర్వాత అందరూ కలిసి ఐదు కట్టుబాట్లు పెట్టుకున్నారు.

ఒకటి: గైడు లేకుండా అడవిలోకి పోము.
రెండు: ఇద్దరిద్దరు జంటగా నడుస్తాం. ఆగిన ప్రతిచోటా లెక్క చెబుతాం.
మూడు: మడుగులోకి దూకము. తడి బండల అంచున ఫోటోలు దిగము.
నాలుగు: చీకటి పడకముందే కొండ దిగుతాం.
ఐదు: గైడు వెనక్కి అంటే అందరం వెనక్కి. ఎదురు మాట లేదు.

ఐదో మాట రాసేటప్పుడు చిన్న కోడలు ఆగింది. "డబ్బు మనం ఇస్తాం. మాట మాత్రం ఆయనది వినాలా?"

"ఆటోకు డబ్బు మనమే ఇస్తాం. అందుకని హ్యాండిలు మనం పట్టుకుంటామా?" అన్నది లీడరు.

చిన్న కోడలు నవ్వి రాసేసింది. కింద పన్నెండు మంది సంతకాలు చేశారు. అవ్వ తన పేరు మెల్లగా, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ రాసింది.

కొండ దారి

డిసెంబరు వచ్చింది. పన్నెండు మంది బస్సు ఎక్కారు. సాయంత్రానికి తలకోన చేరారు. రాత్రంతా అడవి చప్పుళ్లు వింటూ పడుకున్నారు.

పొద్దున్నే గైడు వచ్చాడు. పక్క ఊరి పిల్లవాడు. "అమ్మా, తిండి సంచులు లోపల పెట్టుకోండి. కోతులు లాక్కుంటాయి. వాటికి ఏమీ పెట్టొద్దు" అని చెప్పాడు.

ఇంటికి ఫోన్లు చేశారు. నడక మొదలుపెట్టారు. గైడు ముందు నడిచాడు. లీడరు అందరికంటే వెనుక నడిచింది. మెల్లగా నడిచే అవ్వను గైడు వెనకాలే నడిపించారు. వెనుక ఉన్నవాళ్లు ఆమె నడకనుబట్టి నడిచారు. అట్లా అయితే ఎవరూ వెనకబడరు.

ఆగినప్పుడల్లా "ఒకటి, రెండు, మూడు" అని లెక్క చెప్పారు. పన్నెండు వచ్చాకే కదిలారు.

దారిలో గైడు చెట్లను చూపించాడు. మనిషి నడుమంత లావున ఒక తీగ చెట్టు నుంచి చెట్టుకు పాకింది. అది గిల్లతీగ. ఎర్రచందనం చెట్లు కూడా చూశారు. ఎర్రచందనం ఈ వైపు కొండల్లో తప్ప వేరేచోట సహజంగా పెరగడం చాలా అరుదు.

"నాయనా, మా కొండల మీద వాన పడితే ఆ పూటకే వంకలో పారిపోతుంది. మీకు ఇన్ని నెలలు ఎట్లా నిలుస్తుంది?" అని అవ్వ అడిగింది.

గైడు వంగి గుప్పెడు మట్టి తీశాడు. మట్టి నల్లగా, మెత్తగా ఉంది. కుళ్లిన ఆకులు కలిసి ఉన్నాయి.

"ఇదే అవ్వా. వాన ముందు ఆకుల మీద పడుతుంది. తర్వాత ఈ మట్టిలో ఇంకుతుంది. రాళ్ల సందుల్లోకి దిగుతుంది. మెల్లమెల్లగా బయటికి వస్తుంది. చెట్లు లేని కొండ మీద ఇంకే టైము ఉండదు. వాన పడతానే జారిపోతుంది."

అవ్వ ఆ మట్టిని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది.

వెనక్కి

చివరి మలుపు తిరిగారు. ఎదురుగా జలపాతం!

ఎత్తైన బండ మీదినుంచి తెల్లగా నీళ్లు పడుతున్నాయి. తుంపరలు ముఖాన కొట్టాయి. ఎవరూ మాట్లాడలేదు. అవ్వ రెండు చేతులూ జోడించింది.

నీళ్ల పక్కన ఒక పెద్ద బండ ఉంది. అందరూ దాని మీద కూర్చున్నారు. లోతు లేని చోట గైడు చూపించాడు. అక్కడ కాళ్లు తడుపుకోవచ్చని, ఇంకొంచెం ముందుకు పోతే తుంపరల కింద నిలబడవచ్చని చెప్పాడు. అవ్వ చెంగు నడుముకు చుట్టుకుంది. ఆమె అరవై ఏండ్ల కోరిక అదే.

అప్పుడు గైడు తల ఎత్తి చూశాడు. ఇక్కడ ఎండ కాస్తోంది. పైన కొండ తల మీద మాత్రం మబ్బు నల్లగా ఉంది. గైడు వంగి నీళ్లు చూశాడు. లేచి నిలబడ్డాడు.

"అమ్మా, వెనక్కి పోవాల. ఇప్పుడే."

"ఇప్పుడే కదా వచ్చినాం!" అన్నది ఒకామె.

"చినుకైనా పడలేదే!" అన్నది ఇంకొకామె.

"పదహారు వారాలు దాచినాం నాయనా. ఐదు నిమిషాలు ఆగు" అన్నది మూడో ఆమె.

చిన్న కోడలు సంచిలోంచి కాగితం తీసింది. గట్టిగా చదివింది. "ఐదు: గైడు వెనక్కి అంటే అందరం వెనక్కి. ఎదురు మాట లేదు." కింద సంతకాలు చూపించింది.

అందరూ అవ్వ వైపు చూశారు. అవ్వ నీళ్లను చూస్తోంది. తెల్లటి నీళ్లలో ఎర్రటి చార ఒకటి కలిసింది. ఎండుటాకులు, పుల్లలు గుంపుగా కొట్టుకొస్తున్నాయి.

"మా ఊరి వంక ఇట్లనే వస్తుంది" అన్నది అవ్వ. "వాన యాడనో పడుతుంది. వంక మన కాళ్ల దగ్గరికి వస్తుంది. లేయండి."

అవ్వే ముందు తిరిగింది. చెంగు నడుముకు అట్లనే ఉంది.

లెక్క చెప్పుకున్నారు. పన్నెండు. గైడు వాళ్లను వచ్చిన దారికంటే పైన ఉన్న గట్టు మీదికి ఎక్కించాడు. కొద్దిసేపటికే వెనక పెద్ద మోత వినిపించింది. తిరిగి చూశారు. జలపాతం ఎర్రగా, ముందుకంటే రెండింతలు లావుగా దూకుతోంది. వాళ్లు కూర్చున్న బండ కనిపించలేదు. దాని మీదుగా నీళ్లు పోతున్నాయి.

ఎవరూ మాట్లాడలేదు. చిన్న కోడలు కాగితాన్ని మళ్లీ మడిచింది. నీళ్లు తగలకుండా సంచి లోపలికి పెట్టింది.

ఇంటికి

అవ్వ తుంపరల కింద నిలబడలేదు. ఆ లోటు ఆమెకు ఉంది. బస్సులో చాలాసేపు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. మదనపల్లె దాటాక అన్నది:

"చూసినా కదా! చూసి ఇంటికి పోతాన్నా. అది చాలు."

ఊరికి వచ్చాక లెక్క చూశారు. అవసరానికి ఉంచిన 900 రూపాయలు అట్లనే ఉన్నాయి. మనిషికి 75 రూపాయలు తిరిగి వస్తాయి. ఎవరూ తీసుకోలేదు. డబ్బాలోనే ఉంచారు. పుస్తకంలో "మళ్లీ సారికి" అని రాశారు.

కింద ఇంకో వరుస రాశారు: "పోయినవాళ్లు 12. వచ్చినవాళ్లు 12."

గుర్తు పెట్టుకోండి: నీళ్లు పెరుగుతున్న గుర్తులు

తేటగా ఉన్న నీళ్లు ఎర్రబడతాయి. ఆకులు, పుల్లలు కొట్టుకొస్తాయి. నీళ్ల మోత మారుతుంది. మునగని రాయి మునుగుతుంది. కొండ పైన మబ్బు కమ్ముతుంది.

వీటిలో ఒక్కటి కనిపించినా సామాను కోసం ఆగవద్దు. వెంటనే ఎత్తైన చోటికి ఎక్కండి. పారే నీళ్లకు అడ్డంగా దాటవద్దు. మోకాలి లోతు నీళ్లు కూడా వేగంగా వస్తే మనిషిని పడేస్తాయి. దెబ్బ తగిలితే 108కి ఫోను చేయండి. ఏ ఆపదకైనా 112కి చేయవచ్చు.

కొత్త మాటలు

జలపాతం: ఎత్తు నుంచి పడే నీళ్లు
మడుగు: నీళ్లు లోతుగా నిలిచే చోటు
గైడు: దారి చూపించే మనిషి
కట్టుబాటు: అందరూ ఒప్పుకున్న నియమం
రశీదు: డబ్బు కట్టినట్టు ఇచ్చే కాగితం

చెప్పండి, రాయండి

1. తలకోన జలపాతం ఎత్తు ఎన్ని అడుగులు?
2. యాత్రకు పొదుపు డబ్బు ఎందుకు తీయలేదు?
3. చినుకు పడకపోయినా నీళ్లు ఎందుకు పెరిగాయి?
4. పన్నెండు మంది బదులు పది మందే పోతే, 9,600 రూపాయల్లో మనిషికి ఎంత పడుతుంది?
5. మీ ఊరి వంక ఎప్పుడైనా పొంగిందా? అప్పుడు ఏం జరిగింది? ఐదు వాక్యాలు రాయండి.
6. మీ సంఘం ఎక్కడికైనా పోవాలంటే ఏ కట్టుబాట్లు పెట్టుకుంటారు? అందరూ కలిసి మాట్లాడుకోండి. కాగితం మీద రాయండి. కింద సంతకాలు చేయండి.